87 ఓట్ల జాన్సన్

1965, 66 కరువు రోజుల్లో మన దేశానికి ఓడల మీద అమెరికా గోధుమలు వచ్చేవి. వాటిని ఒక్కసారిగా ఇవ్వక, నెలల లెక్కన కొలిచి వదిలిన ప్రెసిడెంటు లిండన్ జాన్సన్. అంతటి పదవికి ఆయన ఎక్కిన మెట్లలో ఒకటి టెక్సాస్ రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణపు బ్యాలెట్ పెట్టె.

జాన్సన్ 1908లో అక్కడి పల్లెటూళ్ళో పుట్టారు. తండ్రి శాసనసభ్యుడుగా చేసినా పత్తి సాగులో నష్టపోయి అప్పుల పాలయ్యారు. కొడుకు కొంతకాలం బడిపంతులుగా చేసి, 1937లో దిగువ సభకు గెలిచారు. తన ప్రాంతపు పల్లెలకు కరెంటు తెప్పించి పేరు తెచ్చుకున్నారు.

1941లో సెనేటు ఉప ఎన్నికకు నిలబడ్డారు. లెక్కింపులో అయిదు వేల పైచిలుకు ఓట్ల ఆధిక్యం వచ్చింది. గెలిచామన్న ధీమాతో ఆయన మనుషులు తమకు పట్టున్న చోట్ల లెక్కలు ముందే బయటపెట్టేశారు. ఎన్ని ఓట్లు కావాలో అవతలి వారికి తెలిసిపోయింది. ఆ తర్వాత వచ్చిన లెక్కల్లో జాన్సన్ 1,311 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

1948లో మళ్ళీ పోటీ చేశారు. ఆ రోజుల్లో టెక్సాస్‌లో డెమొక్రాటిక్ పార్టీ టిక్కెట్టు దక్కితే గెలిచినట్లే. టిక్కెట్టు కోసం కూడా జనమే ఓట్లు వేయాలి. ప్రత్యర్థి మాజీ గవర్నరు కోక్ స్టీవెన్సన్. జాన్సన్ హెలికాప్టరులో ఊరూరా దిగారు. అయినా మొదటి విడతలో స్టీవెన్సన్‌దే పైచేయి. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోవడంతో ఆగస్టు 28న రెండో విడత జరిగింది. దాదాపు పది లక్షల ఓట్లు పోలయ్యాయి.

దక్షిణ టెక్సాస్‌లో జార్జి పార్ అనే పెద్దమనిషి చెప్పిన వారికే ఓట్లు పడేవి. పేద మెక్సికన్లకు అవసరానికి డబ్బు ఇచ్చేది ఆయనే, ఓట్లు వేయించేదీ ఆయనే. ఇటువంటి వారిని గురించి మన పల్లెల వారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకప్పుడు స్టీవెన్సన్‌కు ఓట్లు వేయించినదీ ఈ పారే. ఈసారి జాన్సన్ వైపు తిరిగాడు. పోలింగయిన ఆరు రోజులకు ఆలిస్ పట్టణం 13వ నంబరు పెట్టెలో జాన్సన్ ఓట్లు 765 కాస్తా 965 అయ్యాయి. 7 అంకె 9గా మారింది. ఓటు వేసినవారి జాబితా చివర చేరిన సుమారు రెండు వందల పేర్లు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, అక్షర క్రమంలో ఉన్నాయని చూసినవారు చెప్పారు. ఓటర్లు అక్షర క్రమంలో వచ్చి వరుసలో నిలబడ్డారన్నమాట! వారిలో కొందరిని అడిగితే తాము ఓటే వేయలేదన్నారు.

జాన్సన్ 87 ఓట్లతో గట్టెక్కారు. పార్టీ కమిటీ కూడా 29-28తో, అంటే ఒక్క ఓటుతో, ఆయన గెలుపును ఖాయం చేసింది. స్టీవెన్సన్ కోర్టుకెక్కారు. విచారణలో పెట్టె తెరిచారు గాని జాబితా దొరకలేదు. ఇంతలో సుప్రీంకోర్టు జడ్జి హ్యూగో బ్లాక్ విచారణ ఆపించారు.

1963లో కెన్నెడీ హత్యతో జాన్సన్ ప్రెసిడెంటు అయ్యారు. మరుసటి ఏడు భారీ మెజారిటీతో గెలిచారు. దక్షిణాది నల్లవారికి ఓటు అందకుండా చేస్తున్న అడ్డంకులను తొలగిస్తూ 1965లో చట్టం తెచ్చిందీ ఆయనే. 1973 జనవరి 22న కన్నుమూశారు.

1975లో పార్ కూడా పోయాడు. 1977లో, ఆలిస్‌లో ఆనాడు ఆ పెట్టె వద్ద ఎన్నికల అధికారిగా ఉన్న లూయీ సాలస్, దొంగ ఓట్లు చేర్చిన మాట నిజమేనని పత్రికల వారి ఎదుట ఒప్పుకున్నాడు.