వడ్డీ ఫైలు ముందు ఆగిన కలం

ఫత్వా కోసమో, పిల్లవాడి దీనీ చదువు కోసమో సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతాల నుండి హైదరాబాదు శిబ్లీగంజ్‌లోని జామియా నిజామియాకు వెళ్ళివచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ విద్యాలయాన్ని స్థాపించిన మౌలానా అన్వారుల్లా ఫారూఖీ (రహ్మ) అంతకు కొన్నేళ్ళ ముందు సర్కారు కచేరీలో ఒక మామూలు ఉద్యోగి అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఆయన హిజ్రీ 1264లో నాందేడ్ ప్రాంతంలో జన్మించారు. కంధార్ ఖాజీల వంశం వారిది. బాల్యంలోనే దివ్య ఖుర్ఆన్ కంఠస్థం చేశారు. ఆ తర్వాత మౌలానా అబ్దుల్ హై ఫిరంగీ మహలీ వంటి మహా పండితుల వద్ద ఫిఖహ్, తఫ్సీర్ చదువుకున్నారు. హిజ్రీ 1285లో నిజాం ప్రభుత్వ మాల్గుజారీ శాఖలో, అంటే రెవెన్యూ శాఖలో, ఖులాసా నవీసుగా చేరారు. పై అధికారి కోసం ఫైలు చదివి దాని సారాంశం రాసిపెట్టడం ఆ కొలువు పని.

రెండేళ్ళయినా నిండకముందే ఒక రోజు వడ్డీ లావాదేవీకి సంబంధించిన ఫైలు ఆయన ముందుకు వచ్చింది. ఆ వడ్డీ తీసుకునేది ఆయన కాదు, ఇచ్చేదీ ఆయన కాదు. నాలుగు ముక్కలు రాసి పైకి పంపితే సరిపోయేది. కాని దైవప్రవక్త ముహమ్మద్ (స) వడ్డీ తినేవాణ్ణి, తినిపించేవాణ్ణి మాత్రమే శపించలేదు. ఆ పత్రం రాసేవాణ్ణి, దానికి సాక్షిగా నిలిచేవాళ్ళను కూడా వారితో కలిపే చెప్పారు. ఈ హదీసు తెలియని మౌల్వీ ఉండడు. అయితే తన బల్ల మీదున్న ఫైలు కూడా దాని కిందికే వస్తుందని ఒప్పుకోవడం వేరే సంగతి. మౌలానా ఒప్పుకున్నారు. హిజ్రీ 1287లో రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేశారు. అప్పటికే ఆయనకు సంసారం ఉంది. నెలనెలా వచ్చే జీతం ఆగిపోయింది.

పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఆఫీసుల్లో లెక్కలు రాసే సోదరులకు ఇది పాతకాలపు కథగా తోచదు. యజమాని బ్యాంకు అప్పు, దాని వడ్డీ పద్దు వారి చేతి మీదుగానే నడుస్తుంది. ఏ కొలువుకు ఏ ఆదేశం వర్తిస్తుందో ఉలమాలను అడిగి తెలుసుకోవలసిందే. ఆ ప్రశ్న అడగడానికే మనం జంకుతాము. ఎందుకంటే జవాబు మనకు కొంత ముందే తెలుసు.

ఉద్యోగం వదిలాక మౌలానా విద్యార్థులకు పాఠాలు చెప్పడంలో మునిగిపోయారు. హిజ్రీ 1292 (1876)లో జామియా నిజామియాకు పునాది పడింది. తర్వాత హజ్‌కు వెళ్ళి మక్కాలో హాజీ ఇమ్దాదుల్లా (రహ్మ) చేతిపై బైఅత్ చేశారు. మరోసారి వెళ్ళినప్పుడు సుమారు మూడేళ్ళు మదీనాలోనే ఉండిపోయారు. అక్కడ అపురూపమైన హదీసు గ్రంథాలకు నకళ్ళు రాయించి తెచ్చారు. వడ్డీ ఫైలుకు ఖులాసా రాయనన్న ఆ చేయి ‘మఖాసిదుల్ ఇస్లాం’, ‘అన్వారె అహ్మదీ’ వంటి గ్రంథాలు రాసింది.

ఆయన సర్కారు కొలువునే హరామ్ అనుకున్నారని ఎవరూ పొరబడకూడదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు చదువు చెప్పడానికి పిలుపు వస్తే వెళ్ళారు. ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కూ గురువయ్యారు. 1911లో ఆ శిష్యుడు గద్దెనెక్కాక ధార్మిక వ్యవహారాల శాఖ గురువుగారి చేతికి వచ్చింది. రాజ్యంలోని మస్జిదులు, ఖాజీల వ్యవహారాలు ఆ శాఖ కిందివే. మన మెతుకు సీమ కూడా ఆ రాజ్యంలోనిదే. ఫజీలత్ జంగ్ అనే బిరుదు కూడా లభించింది. ఒకప్పుడు ఒక్క ఫైలు కోసం వదిలేసిన ప్రభుత్వంలోనే ఆయన మంత్రి స్థాయికి చేరారు.

రాత్రివేళ శిష్యులకు పాఠం చెప్పే అలవాటును మాత్రం పదవి వచ్చాక కూడా మానలేదు.

1918లో ఆయన పరమపదించారు. జామియా నిజామియా ఆవరణలోనే ఖననం చేశారు. ఇప్పటికీ పిల్లలు పాఠాలకు వెళ్తూ వస్తూ ఆ సమాధి పక్కనుంచే నడుస్తారు.