సీసపు రాతితో తరంగములను పట్టిన బోసుగారు

శ్రీ జగదీశ చంద్ర బోసుగారు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశ్ అనబడు తూర్పు బెంగాలులో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్రగారు డిప్యూటీ మేజిస్ట్రేటు. అట్టి ఉద్యోగుల పిల్లలు ఇంగ్లీషు బడికి పోవుటయే ఆనాడు గౌరవము. ఆయన మాత్రము కుమారుని ఫరీదుపూరులోని బెంగాలీ బడిలో చేర్పించిరి. పరభాషకు ముందు బిడ్డ తన భాషను, తన జనులను ఎరుగవలెనని ఆయన నిశ్చయము. అచ్చట బాలుని ప్రక్కన ఒక బెస్తవాని కొడుకు కూర్చుండెడివాడు. పక్షులను, జలచరములను గూర్చి తోటి బాలురు చెప్పిన ముచ్చటలే తనకు ప్రకృతిపై మక్కువ పుట్టించినవని బోసుగారు పెద్దయిన పిదప తలచుకొనిరి. ఇంటి భాషలో చదివిన పిల్లలు వెనుకబడుదురేమో యని దిగులుపడు తల్లిదండ్రులకు ఈ ఘట్టము తెలియవలెను.

కలకత్తాలోను, కేంబ్రిడ్జిలోను చదివి, 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రము బోధింప నారంభించిరి. భారతీయులగుటచే తెల్లవారికన్న తక్కువ జీతము నిర్ణయింపబడెను. మూడేండ్లు పాఠములు చెప్పిరి గాని జీతము ముట్టలేదు. తుదకు పాత బాకీతో సహా పూర్తి జీతము చేతికి వచ్చినది.

చెప్పుకొనదగిన ప్రయోగశాల లేదు. ఒక చిన్న గదిలో, రేకుపనివాని సాయముతో పరికరములు చేయించుకొని, మిల్లీమీటర్లలో కొలువదగిన పొట్టి విద్యుత్తరంగములను పుట్టించిరి. 1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆ తరంగములు గోడలను దాటిపోయి గంట మ్రోగించినవి, తుపాకిమందును పేల్చినవి.

పుట్టించుట ఒక ఎత్తు, పట్టుట ఒక ఎత్తు. అప్పటి గ్రాహకములలో తరంగము సోకగనే లోహపు రజను అంటుకొనిపోయెడిది; ప్రతిసారి తట్టి విడదీయవలెను. బోసుగారు గెలీనా యను సీసపు ఖనిజమును చేపట్టిరి. దానిపై సన్నని మొన నానించినచో విద్యుత్తు ఒక దిశలో సులభముగను, ఎదురుదిశలో కష్టముగను పోవును. అందుచే తరంగపు ఊగిసలాట ఒకే దిశ ప్రవాహమై కొలతముల్లును కదలించును. మిత్రుల ఒత్తిడిపై అడిగిన అమెరికా పేటెంటు 1904లో లభించినది. దానితో ధనార్జన చేయవలెనను కోరిక ఆయనకు లేకుండెను.

గెలీనా అర్ధవాహకము; లోహమువలె విద్యుత్తును ధారాళముగ పోనీయదు, గాజువలె పూర్తిగ అడ్డగింపదు. బోసుగారు 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూసిరి. పదేండ్లకు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, జర్మేనియమను మరియొక అర్ధవాహకముపై రెండు బంగారపు మొనల నానించి బార్డీన్, బ్రాటెయిన్‌లు ట్రాన్సిస్టరును నిర్మించిరి. అర్ధవాహక స్ఫటికముతో రేడియో తరంగములను తొలుత పట్టిన ఘనత బోసుగారిదని బ్రాటెయినే అనంతరము గుర్తించెను.

నేటి చిప్పులో ట్రాన్సిస్టరు భాగములు నానోమీటర్లలో కొలువబడును. ఒక మిల్లీమీటరునకు 10 లక్షల నానోమీటర్లు! అంత సన్నగిలిన చోట పదార్థపు నడవడియే మారును. ఒకటి రెండు నానోమీటర్ల అడ్డుగోడను ఎలక్ట్రానులు సొరంగము త్రవ్వుకొన్నట్లు దాటిపోవును. స్విచ్చు మూసినను కరెంటు కారిపోవును. 2007లో హాఫ్నియముతో కూడిన మందపు పొరను వాడి ఈ కారుటను చాలవరకు తగ్గించిరి.

బోసుగారి పరికరములు కలకత్తాలో, ఆయన 1917లో స్థాపించిన పరిశోధనాలయమున నేటికిని భద్రముగ నున్నవి.