చుక్కల మేస్త్రీ: సర్ హోవర్డ్ గ్రబ్

హైదరాబాదులో భౌతికశాస్త్రం చదివిన వాళ్ళకు నిజామియా వేధశాల పేరు కొత్తగాదు. నవాబు జఫర్ జంగ్ సొంత డబ్బుతో తెప్పించిన 15 అంగుళాల దుర్భిణితో మొదలైన ఆ వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికొచ్చింది. దుర్భిణిని బేగంపేటలో బిగించేసరికి 1922 అయింది. అది చేసిన కంపెనీ గ్రబ్‌ది. ఆ గ్రబ్ చుక్కల్ని చూపించడమే కాదు, తుపాకికి కూడా ఒక చుక్క పెట్టాడన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

హోవర్డ్ గ్రబ్ 1844 జూలై 28న డబ్లిన్‌లో పుట్టాడు. తండ్రి థామస్ గ్రబ్ దుర్భిణులు చేసేవాడు. కొడుకు ట్రినిటీ కాలేజీలో ఇంజనీరింగు చదువుతూ, ఇరవై ఏళ్ళ వయసులోనే తండ్రి కార్ఖానాలో చేరాడు. మెల్‌బోర్న్ కోసం 48 అంగుళాల అద్దం దుర్భిణి, వియన్నాకు 27 అంగుళాల కటకం దుర్భిణి ఆ కార్ఖానాలోనే తయారయ్యాయి. వియన్నాది అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద కటకం దుర్భిణి. 1887లో సర్ బిరుదు వచ్చింది. ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని పరీక్షించిన 1919 గ్రహణపు ఫొటోలు తీసింది కూడా గ్రబ్ కటకాలతోనే.

ఇక తుపాకి సంగతి. ఎన్.సి.సి.లో రైఫిలు పట్టిన వాళ్ళకి ఈ అవస్థ అనుభవమే: వెనక కన్నం, ముందు మొన, దూరాన గురి, మూడూ ఒకే వరసలోకి రావాలి. కంటికేమో ఒక్క దూరమే స్పష్టంగా కనబడుతుంది. మొనను చూస్తే గురి మసక, గురిని చూస్తే మొన మసక. గ్రబ్ 1900లో దీనికి ఉపాయం చెప్పాడు. ఒక గుర్తును కటకపు నాభి దగ్గర ఉంచితే దాని కిరణాలు సమాంతరంగా బయటికొస్తాయి. వాటిని ఏటవాలు గాజు పలక మీంచి కంట్లోకి మళ్ళిస్తే, గుర్తు అనంత దూరాన, గురి మీదే వేలాడుతున్నట్టు ఉంటుంది. తల కాస్త కదిపినా గుర్తు గురిని విడవదు. పరీక్షల్లో మనం బట్టీపట్టే నాభి సూత్రమే, అంతకు మించి మాయేమీ లేదు.

ఇవాళ పిస్తోళ్ళ మీద కనిపించే ఎర్ర చుక్క సైటుకు మూలం ఇదే. చుక్క దూరాన ఉన్నట్టు కనిపిస్తున్నా, కొత్తవాళ్ళు గురిని వదిలి చుక్కనే వెతుకుతారు. అందుకని శిక్షకులు సైటు ముందు అద్దానికి టేపు అంటిస్తారు. రెండు కళ్ళూ తెరిచి గురిని చూడాలి. కుడి కంటికి చుక్క మాత్రమే, ఎడమ కంటికి గురి మాత్రమే అందుతాయి. రెంటినీ కలిపేది మెదడు. చూపు వెనక్కి జారి టేపు మీద నిలిచిందా, గురి చెదిరిపోతుంది. తప్పు ఎవరూ చెప్పక్కర్లేదు, తనకే తెలిసిపోతుంది. అయితే కొందరికి రెండు కళ్ళ చూపూ సరిగ్గా ఒకే చోట కలవదు, వాళ్ళ గుండు కాస్త పక్కకి పోతుంది. అందుచేత ఇది సాధనకే గాని ఖచ్చితమైన గురికి కాదు.

గ్రబ్ ఉపాయం 1918లో జర్మన్ యుద్ధ విమానాలకెక్కింది. ఆయన కార్ఖానా మాత్రం ఆ యుద్ధంలో బ్రిటిషు జలాంతర్గాములకు పెరిస్కోపులు చేసింది. తన ఆలోచన శత్రువు విమానం మీద, తన పనితనం స్వదేశపు నౌకలో! యుద్ధం చివర్లో కార్ఖానాని ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌కి తరలించారు. శాంతి రాగానే పెరిస్కోపులు అడిగే వాళ్ళు తగ్గారు, దుర్భిణులు కొనే వాళ్ళ దగ్గర డబ్బు లేదు. ఎనభై ఏళ్ళ వయసులో ఆ పెద్దమనిషి కంపెనీ మునిగే దశకొచ్చింది. 1925లో సర్ చార్లెస్ పార్సన్స్ దాన్ని కొని న్యూకాజిల్‌కి తీసుకుపోయాడు. గ్రబ్ పేరును మాత్రం తీసేయలేదు, గ్రబ్ పార్సన్స్ అని పెట్టాడు.

గ్రబ్ 1931 సెప్టెంబరు 16న డబ్లిన్ దగ్గర మాంక్స్‌టౌన్‌లో కన్నుమూశాడు. కంపెనీ 1985 దాకా నడిచింది. అది చేసిన చివరి పెద్ద దుర్భిణి, 4.2 మీటర్ల విలియం హెర్షెల్ దుర్భిణి, కానరీ దీవుల్లో ఉంది.