దీప్తికి ఓరుగల్లు శనార్థులు

మన జీవంజి దీప్తి ప్రపంచ చాంపియన్ అయి 2026 మే 20కి రెండేళ్లు. 2024లో అదే రోజు, జపాన్‌లోని కోబే నగరంలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో మేధో వైకల్యం ఉన్న మహిళల 400 మీటర్ల (టీ20) ఫైనల్‌ను ఆమె 55.07 సెకన్లలో ముగించింది. అంతకుముందు ప్రపంచ రికార్డు అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పేరిట 55.12. రెండో స్థానంలో వచ్చిన తుర్కియే రన్నర్ ఐసెల్ ఓండెర్‌కు, దీప్తికి మధ్య తేడా 0.12 సెకను. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో కూలిపని చేసుకునే ఇంట పుట్టిన ఇరవై ఏళ్ల అమ్మాయి, ఆ పరుగుతో తన విభాగంలో ప్రపంచంలోనే అందరికన్నా వేగంగా పరుగెత్తిన మహిళ. ఈ జిల్లాకు ఇంతకన్నా పెద్ద పండుగ ఏముంటుంది? ఓరుగల్లు ప్రజలందరి తరఫున దీప్తికి మనసారా అభినందనలు, శనార్థులు.

పతకాల సంగతి అందరికీ తెలుసు. వాటికి ముందు గడిచిన కాలం గురించే నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నాను.

దీప్తి 2003 సెప్టెంబరు 27న పుట్టింది. మాట ఆలస్యంగా రావడం, చెప్పింది వెంటనే అర్థం కాకపోవడం, పాఠం గుర్తుండకపోవడం చిన్ననాటి నుంచీ ఉన్నవే. ఊళ్లో కొందరు పిల్లను పిచ్చిది అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. రెక్కాడితే గానీ డొక్కాడని ఇల్లు. ఉన్న కాస్త పొలమూ అమ్ముకోవాల్సి వచ్చింది. అయినా ఆ అమ్మానాన్నలు బిడ్డను దాచిపెట్టలేదు, దూరం చేసుకోలేదు. అందరు పిల్లలతో పాటు బడికి పంపారు. ఈ అభినందనలో మొదటి వాటా వాళ్లదే.

ఆ బడి కల్లెడలోని ఆర్‌డీఎఫ్ పాఠశాల. ఆటల విషయంలో దానికి అప్పటికే పేరుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున విల్లు పట్టిన వర్ధినేని ప్రణీత అక్కడ చదువుకున్న అమ్మాయే. ఒక పల్లెటూరి బడి నుంచి ఒక ఒలింపియన్, ఒక పారాలింపియన్! పెద్ద పెద్ద నగరాల్లో ఎన్ని బడులు ఈ మాట చెప్పుకోగలవు? అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు బియానీ వెంకటేశ్వర్లు దీప్తి పరుగును గమనించారు. తరగతిలో వెనకబడ్డ పిల్లను మైదానంలో ముందు వరుసలో నిలబెట్టారు. మన బడుల్లో డ్రిల్లు పీరియడంటే లెక్కల సారు సిలబస్ పూర్తి చేసుకోవడానికి తీసుకునే గంట. ఆ గంటను ఆ గంటలాగే వాడిన బడి ఉండబట్టి దీప్తి మనకు దక్కింది.

2019లో ఖమ్మంలో జరిగిన రాష్ట్రస్థాయి పోటీల్లో దీప్తి భారత అథ్లెటిక్స్ కోచ్ నాగపురి రమేశ్ కంట పడింది. స్ప్రింటర్ ద్యుతీ చంద్‌కు శిక్షణ ఇచ్చిన, 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న కోచ్ ఆయన. బస్సు చార్జీలకే వెతుక్కోవాల్సిన ఇంటి నుంచి పిల్లను హైదరాబాద్ రప్పించి, భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) శిక్షణలో చేర్చుకున్నారు. ఆమె తీరు చూసిన బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్, ఓసారి వైద్య పరీక్ష చేయించమని సూచించారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థలో ఆ పరీక్షలు జరిగాయి. పారా క్రీడల్లో పోటీపడే అర్హత అక్కడ తేలింది.

నా దృష్టిలో దీప్తి జీవితంలో కోబే కన్నా పెద్ద మలుపు ఇదే. బిడ్డకు ఫలానా లోపం ఉందని కాగితం మీద రాయించుకోవడానికి మన ఇళ్లలో ఎంత జంకుతారో తెలిసిందే. పెళ్లి కాదేమోనని, నలుగురూ నవ్వుతారేమోనని చాలామంది పరీక్షకే తీసుకెళ్లరు. వీధిలో తిట్టుగా విన్న విషయాన్నే డాక్టర్లు పరీక్షించి రాసిచ్చాక, అది ఆమెకు ప్రపంచ పోటీల్లోకి ప్రవేశపత్రం అయింది.

టీ20 అంటే ఇక్కడ క్రికెట్ కాదు. ట్రాక్ పోటీల్లో మేధో వైకల్యం ఉన్న క్రీడాకారుల విభాగం. ఐక్యూ 75 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, రోజువారీ పనులు నెగ్గుకురావడంలో ఇబ్బంది ఉండాలి, అదీ చిన్న వయసు నుంచే ఉన్నట్టు రుజువు కావాలి. ఇంత గట్టి నిబంధనలకు కారణం ఉంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు ఏ వైకల్యమూ లేని ఆటగాళ్లను దించి స్వర్ణం గెలిచింది. మోసం బయటపడ్డాక మేధో వైకల్యం ఉన్నవారి పోటీలన్నీ ఆపేశారు. 2012 లండన్ వరకూ వాళ్లకు పారాలింపిక్స్ తలుపు మూసే ఉంది. ఎవరో చేసిన తప్పుకు దీప్తి లాంటి పిల్లలు ఎందరు పన్నెండేళ్లు నష్టపోయారో!

బయటి నుంచి చూస్తే ఈ రన్నర్లలో ఏ తేడా కనిపించదు. కాళ్లూ చేతులూ చక్కగా ఉన్నాయి, ఇంకేం కష్టమని అనుకునేవాళ్లున్నారు. 400 మీటర్లు గుడ్డిగా దౌడు తీసే పందెం కాదు. మొదటి 200లో ఎంత వేగం వాడాలి, ఎంత దాచుకోవాలి అన్న లెక్క పరుగెడుతూనే తేల్చుకోవాలి. తన లేన్ దాటకూడదు. పక్క లేన్ అమ్మాయి ముందున్నట్టు కనిపించినా కంగారుపడకూడదు, ఎందుకంటే వంపుల దగ్గర తేడా సరిచేయడానికి ఒక్కొక్కరిని ఒక్కో చోటి నుంచి బయల్దేరదీస్తారు. 300 దాటాక కాళ్లు బరువెక్కుతాయి, ఊపిరి అందదు. సరిగ్గా అప్పుడే అంతకుముందు నేర్చుకున్నది గుర్తుకు రావాలి. చెప్పింది ఒక పట్టాన నిలవని అమ్మాయికి ఇదంతా ఒంటపట్టే దాకా నేర్పడం సామాన్యమైన పని కాదు.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో స్వర్ణం. ఏడు నెలలకు కోబే హీట్స్‌లో 56.18. మర్నాడు ఫైనల్లో 55.07. ఒకే రోజులో సెకనుకు పైగా తగ్గించడం 400 మీటర్ల పరుగులో ఎంత పెద్ద మాటో ట్రాక్ మీద పరుగెత్తినవారిని అడిగితే చెబుతారు.

అదే ఏడాది సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. పారాలింపిక్స్‌లో పతకం సాధించిన మొదటి భారతీయ మేధో దివ్యాంగ క్రీడాకారిణి మన కల్లెడ బిడ్డే. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం, కోచ్‌కు 10 లక్షలు ప్రకటించింది. 2025 జనవరిలో అర్జున అవార్డు అందింది. ఇన్ని సత్కారాల్లోనూ నాకు ఎంతో ఇష్టమైనది మరొకటి: అమ్ముకున్న ఆ పొలాన్ని దీప్తికి వచ్చిన బహుమతి డబ్బుతో ఆ కుటుంబం తిరిగి కొనుక్కుంది.

2025లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీల్లో, తన ఇరవై రెండో పుట్టినరోజున, దీప్తి 55.16 సెకన్లలో రజతం గెలిచింది. సరిగ్గా అదే 55.16తో పారిస్‌లో ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూల్యార్ స్వర్ణం అందుకుంది. ఢిల్లీలో ఓండెర్ 54.51తో కొత్త ప్రపంచ రికార్డు పెట్టింది కాబట్టి మనకు రజతమే వచ్చింది. ప్రత్యర్థులు రికార్డులు బద్దలు కొడితే గానీ ఓడని స్థాయికి మన పిల్ల చేరింది. ఆసియా పారా క్రీడలు 2026 అక్టోబరులో మళ్లీ జపాన్‌లోనే, ఐచి-నగోయాలో జరుగుతాయి. 2028లో లాస్ ఏంజెలెస్ పారాలింపిక్స్ ఉన్నాయి. బిడ్డా, నీకు ఇంకా చాలా పరుగు ఉంది. ఆరోగ్యంగా ఉండు, ఆనందంగా పరుగెత్తు.

జిల్లా వాసులకు ఒక్క విన్నపం. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన సింథటిక్ ట్రాక్ హనుమకొండ జేఎన్ స్టేడియంలో ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. మీ ఇంట్లోనో, మీ వాడలోనో చదువులో వెనకబడి, మాటలు పడుతున్న పిల్లలుంటే పరీక్ష చేయించండి, వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. ఆ వెంటనే ఒక సాయంత్రం వాళ్లను మైదానానికి తీసుకెళ్లి, పరుగు తెలిసిన సారుకు చూపించండి.