లాలాపేట్ నుంచి చందా తోట దాకా

ఆదివారం పొద్దున ఆరింటికి లేవగలిగేవాళ్లు ముందు చేతులెత్తండి. మిగతావాళ్లు కూడా చదవొచ్చు, కాకపోతే ఎండలో తిరగాల్సి వస్తుంది.

మనకి పార్క్ అంటే కేబీఆర్, ఇందిరా పార్క్, కొత్తగూడ బొటానికల్ గార్డెన్. ఉప్పల్, నాచారం, లాలాపేట్ వైపు ఉండేవాళ్లం ఇవన్నీ చూడాలంటే సగం ఊరు దాటి వెళ్లాలి. నేను పుట్టింది, పెరిగింది లాలాపేట్‌లోనే. మా ఇంటి నుంచి స్కూటీ మీద పావుగంట దూరంలో 230 ఏళ్ల నాటి తోట ఒకటి ఉందని నాకు బీటెక్ మూడో ఏడాదిలో గానీ తెలియలేదు. ఎన్నిసార్లు ఆ పక్కనుంచే మౌలాలి వెళ్లొచ్చానో లెక్కలేదు. ఆ తోట వేయించిన మనిషి పేరు మహలఖా బాయి చందా. ఈ నెల టూరు ఆవిడ కోసం. గైడు నేనే. బండి మీది, పెట్రోలు మీది.

లాలాపేట్ విజయ డెయిరీ దగ్గర బయల్దేరదాం. తార్నాక చౌరస్తా దాటి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లేలోపు కథ మొదలుపెడతాను.

రాజ్ కన్వర్ అనే ఆవిడ రాజపుటానా వైపు నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ దక్కనుకి వచ్చింది. ఆట, పాట ఆమె వృత్తి. దర్బారుల్లో, నవాబుల ఇళ్లల్లో ఆడి పాడే అలాంటి స్త్రీలను తవాయఫ్‌లు అనేవాళ్లు. 1768లో ఆమెకి ఆడపిల్ల పుట్టింది. పేరు చందా బీబీ. దగ్గరి బంధువైన మెహతాబ్ ఆ పిల్లని దత్తత తీసుకుంది. మెహతాబ్‌కి అప్పటి హైదరాబాద్ దివాన్ రుక్నుద్దౌలా అండ ఉండేది. అలా చందా పెద్దింట్లో పెరిగింది. పుస్తకాలు అందుబాటులో ఉన్నాయి, చదువు చెప్పేవాళ్లున్నారు. ఖుషాల్ ఖాన్ అనూప్ లాంటి విద్వాంసుడి దగ్గర సంగీతం నేర్చుకుంది. ఖయాల్ పాడేది, నాట్యం చేసేది. అక్కడితో ఆగి ఉంటే ఆ కాలపు చాలామంది తవాయఫ్‌లలో ఒకరయ్యేది. పద్నాలుగేళ్లు వచ్చేసరికి గుర్రపుస్వారీ, విలువిద్య కూడా పట్టుబడ్డాయి.

ఆర్ట్స్ కాలేజీ కనబడిందా? బండి పక్కన పెట్టండి. ఎదురుగా ఉన్న ల్యాండ్‌స్కేప్ గార్డెన్ మన మొదటి స్టాప్. వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్లు, గ్రూప్స్‌కి చదువుకునే అన్నలు, అక్కలు ఈపాటికే చెట్లకింద చేరి ఉంటారు. ఓ బెంచీ చూసుకుని కూర్చోండి.

అప్పటి పాలకుడు రెండో నిజాం అలీ ఖాన్. మహలఖా ఆయన వెంట మూడు దండయాత్రలకు వెళ్లింది. డేరాల్లో కూర్చుని పాటలు పాడి రావడానికి మాత్రమే కాదు. మగవాళ్ల దుస్తులు వేసుకుని, గుర్రమెక్కి, విల్లు, ఈటె పట్టుకుని వెళ్లింది. నిజాం ఆమెను ఉమరాల వరసలో, అంటే దర్బారు పెద్దల సరసన నిలబెట్టాడు. చంద్రబింబంలాంటి ముఖం కలది అనే అర్థంలో మహలఖా అనే బిరుదు ఆమెకు దర్బారులోనే వచ్చింది. బయటికి వెళ్తే వెంట వందలమంది సైనికులు నడిచేవారు. ముందు నగారా మోగేది. రాజ్యవ్యవహారాల్లో ఆమె సలహా అడిగేవాళ్లు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడవాళ్లంతా పరదా వెనకే ఉండేవాళ్లు. పరదా బయటికి వచ్చి నలుగురిలో మాట్లాడే వీలు తవాయఫ్‌కే ఉండేది. ఆ వీలుకి కట్టాల్సిన ధర కూడా ఉండేది. దర్బారులో ఎంత మర్యాద దక్కినా ఇల్లాలు అనే మాట ఆమెకి దక్కదు. మహలఖా పెళ్లి చేసుకోలేదు.

నిజాం ఆమెకి జాగీర్లు కూడా ఇచ్చాడు. జాగీరంటే ఆ భూముల మీద వచ్చే శిస్తు జాగీర్దారుకి చెందుతుంది. అడిక్‌మెట్ జాగీరు అలా ఆమె చేతికొచ్చింది. ఇప్పుడు మీరు కూర్చున్న నేల అందులోదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలై, తర్వాత ఈ స్థలానికి వచ్చింది. ఎదురుగా కనిపించే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. ఇక్కడ ఉర్దూలో పాఠాలు చెప్పేవారు. ఇంజనీరింగ్, మెడిసిన్ కూడా ఉర్దూలోనే. మన దేశ భాషలో పై చదువులు చెప్పిన తొలి విశ్వవిద్యాలయం అని దీనికి పేరు. ఆ చదువులు సాగిన నేల అంతకు ముందు ఒక ఉర్దూ కవయిత్రిది. క్యాంపస్‌లో ఆమె పేరుతో పిలిచే పాత మెట్లబావి ఒకటి ఉంది. అది తప్ప, రోజూ ఇక్కడ తిరిగే వేలమందికి ఆమెను గుర్తుచేసేది నాకేమీ కనిపించలేదు.

కవయిత్రి అన్నాను కదా, ఆ సంగతి బండెక్కాక చెప్తాను. తార్నాకలో ఓ టీ తాగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి లాలాపేట్ ఫ్లైఓవర్ ఎక్కుదాం. కింద రైలు పట్టాలు, దూరంగా మౌలాలి గుట్ట. ఫ్లైఓవర్ మీద ఆగి సెల్ఫీలు తీసుకోకండి, వెనక బస్సు హారన్ కొడుతుంది.

ఆమె కలంపేరు చందా. రాసినవి గజళ్లు. 125 గజళ్లతో ఒక దీవాన్ కూర్చింది. దీవాన్ అంటే ఒక కవి గజళ్లన్నిటినీ పద్ధతిగా అమర్చిన సంకలనం. ఒక్కో గజల్లో ఐదేసి షేర్లు ఉంటాయి. చివరికి వచ్చేసరికి హజ్రత్ అలీ స్మరణ వస్తుంది. ప్రేమ గురించి మొదలైన కవిత భక్తిలోకి తిరిగి ముగుస్తుంది. పదాలు, కీర్తనలు తెలిసిన మన చెవికి ఇది కొత్తేమీ కాదు. ఉర్దూలో దీవాన్ కూర్చిన మొదటి స్త్రీ మహలఖాయే అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత లుత్ఫున్నిసా ఇంతియాజ్ అనే కవయిత్రి దీవాన్ ఆమెదానికన్నా కొంచెం ముందుదని తేలింది. ఆవిడ కూడా దక్కను కవయిత్రే. ఎవరు ముందైనా ఆ గౌరవం మన గడ్డదే.

ఆ దీవాన్ ప్రతి ఒకటి 1799లో ఊరు దాటింది. ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ జాన్ మాల్కమ్‌కి మహలఖా దాన్ని స్వయంగా బహూకరించింది. దర్బారు పెద్ద మీర్ ఆలం ఇంట్లో ఆమె నాట్యం జరుగుతున్న సందర్భం అది. మాల్కమ్ తర్వాత బొంబాయి గవర్నరయ్యాడు. ఆ ప్రతి ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. నాకు ఇక్కడ ఒక ఆలోచన వస్తుంది. కంపెనీవాళ్ల బలం పెరుగుతున్న ఏడాది అది, శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ పడిపోయింది అప్పుడే. ఆ కంపెనీ మనిషికి నగో శాలువో కాకుండా తన రాత ఇచ్చింది. నర్తకిగా మాత్రమే గుర్తుపెట్టుకోవద్దని చెప్పినట్టు నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహే, చరిత్ర కాదు.

చరిత్ర రాయించడం కూడా ఆమెకి తెలుసు. గులాం హుసేన్ ఖాన్ జౌహర్ అనే రచయితను పోషించి దక్కను చరిత్ర రాయించింది. దాని పేరు మాహ్‌నామా. అనాథలైన, పేద ఇళ్ల ఆడపిల్లలను చేరదీసి సంగీతం, నాట్యం నేర్పించేది. ఆ పిల్లలకి తిండి, విద్య దొరికాయి. వాళ్లు చేరిందీ అదే వృత్తిలోకి. రెండూ నిజమే. ఆమెను దేవతను చేయాలని నాకేమీ లేదు. తన కాలం ఇచ్చిన ఒకే ఒక్క దారిలో ఎంతదూరం పోవచ్చో అంతదూరం పోయిన మనిషి.

మన సాహిత్యంలో ముద్దుపళని గుర్తొస్తోందా? పద్దెనిమిదో శతాబ్దంలోనే తంజావూరు దర్బారులో రాధికా సాంత్వనము రాసిన కవయిత్రి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి దాదాపు స్వాతంత్ర్యం దాకా ఆగాల్సి వచ్చింది. పుస్తకంలో ఏముందని ఎంతమంది చూశారో, రాసినావిడ ఏ కులంలో పుట్టిందని ఎంతమంది చూశారో మీరే ఆలోచించండి. క్లాసులో మగకవుల శృంగారం మార్కుల కోసం చదువుతాం, ఆడవాళ్లు రాస్తే మాత్రం ముందు వాళ్ల నడవడిక అడుగుతాం. మహలఖా గురించి మా ఫ్రెండ్స్‌కి చెప్పినప్పుడు మొదట వచ్చింది నవ్వే. నాకు కోపం రావాలి గానీ, మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను.

సరే, మౌలాలి వచ్చేశాం. కమాను దగ్గర బండ్లు స్లో చేయండి. గుట్టమీద హజ్రత్ అలీ పేరిట దర్గా. కుతుబ్‌షాహీల కాలం నుంచీ జనం వస్తున్న చోటు. ఏటా ఉర్సు జరిగితే నిజాం దర్బారంతా ఇక్కడికి తరలివచ్చేది. పెద్దపెద్దవాళ్లు గుట్ట చుట్టూ తోటలు, విడిది ఇళ్లు కట్టించుకున్నారు. మహలఖాకి ఈ దర్గా అంటే ప్రాణం. 1792లో తల్లి రాజ్ కన్వర్ పోయినప్పుడు సమాధికి ఈ గుట్ట పాదాన్నే ఎంచుకుంది. అప్పటికి ఆమెకి 24 ఏళ్లు. మన పీజీ సీనియర్ల వయసు.

సమాధి ఒక్కటే కట్టించి వదిలేయలేదు. చుట్టూ చార్‌బాగ్ వేయించింది. సివిల్ వాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది: ఎక్స్, వై అక్షాల్లా రెండు దారులు మధ్యలో ఖండించుకుంటాయి, తోట నాలుగు భాగాలవుతుంది. పారే నీళ్లు, నీడనిచ్చే చెట్లు, నడుమ మండపం. స్వర్గం అంటే తోట అని నమ్మే సంప్రదాయంలో పోయినవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదు. కట్టడంలో మొఘల్ తీరుతోపాటు రాజస్థానీ తీరు కూడా కలిసింది. తల్లి ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తుంది కదా. గోడల మీది సున్నపు పనితనాన్ని దగ్గరికెళ్లి చూడండి, చేత్తో తాకకండి.

1824లో మహలఖా చనిపోయింది. 56 ఏళ్లు. భూములు, బంగారం, వెండి, వజ్రాలు దిక్కులేని ఆడవాళ్లకి చెందేలా రాసిపెట్టి పోయింది. ఒకప్పుడు రాజ్ కన్వర్ కూడా అలాంటి ఆడదే. చందాని తల్లి పక్కనే, ఈ తోటలోనే ఖననం చేశారు. ఆమె గజళ్లతో వచ్చిన పుస్తకం పేరు గుల్జారె మహలఖా. గుల్జార్ అంటే పూలతోట.

ఆ తర్వాత ఈ చోటు పిచ్చిమొక్కల పాలైంది. 2010లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన నిధులతో బాగుచేశారు. పుస్తకం ప్రతి లండన్‌లో, తోట బాగుకి డబ్బు అమెరికా నుంచి. మనం చేయాల్సిందల్లా లాలాపేట్ నుంచి నాలుగైదు కిలోమీటర్లు రావడం.

నేను రెండోసారి వెళ్లినప్పుడు మా అమ్మను ఎక్కించుకుని వెళ్లాను. పెళ్లయి లాలాపేట్ వచ్చి ఇరవై మూడేళ్లయింది, ఇక్కడ తోట ఉందని తనకీ తెలియదు. ఒక కూతురు వాళ్లమ్మ కోసం కట్టించిందని చెప్పాను, ఆ కూతురి వృత్తి కూడా చెప్పాను. అమ్మ నవ్వలేదు. రెండు సమాధులూ చూసి, ఇందులో తల్లిది ఏదని అడిగింది. తర్వాత చెట్టు కింద కాసేపు కూర్చుంది. ఇంటికెళ్లి వంట చేయాలని తొందరపెట్టని ఆదివారం నాకు అదొక్కటే గుర్తు.

టూరు ఇక్కడితో అయిపోయింది. వెళ్లేటప్పుడు వాటర్ బాటిళ్లు మీతోపాటు తీసుకెళ్లండి. ఈసారి అమ్మను కూడా తీసుకురండి.