పరేల్ చాల్‌లో ఉన్న బారిస్టరు

కామాటిపురా చాళ్లలో ఉండే మా పిల్లలు ఇంట్లో చదువుకునే చోటు లేదని తరచూ చెబుతుంటారు. అది అబద్ధం కాదు. ఒకే గదిలో వంట, పడక, కుట్టుమిషను అన్నీ ఉండాలి. అలాంటి పిల్లలకు మేము డాక్టర్ అంబేడ్కర్‌ను ముందుగా రాజ్యాంగ నిర్మాతగా కాదు, పరేల్ చాల్‌లో ఉన్న వకీలుగా పరిచయం చేస్తాం.

పరేల్ మనకు దూరమేమీ కాదు. భీమ్‌రావ్ చదువుకునే రోజుల్లో ఆ కుటుంబానిది కూడా ఒకే గది. ఇల్లు సద్దుమణిగాక, రాత్రి రెండు గంటలకు తండ్రి రామ్‌జీ కొడుకును లేపి చదువుకు కూర్చోబెట్టేవారు. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి 1907లో మెట్రిక్, ఆ తర్వాత 1912లో బీఏ పూర్తయ్యాయి. బరోడా మహారాజా ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1916లో లండన్‌లోని గ్రేస్ ఇన్‌లో న్యాయవిద్యకు చేరారు. వేతనం గడువు ముగియడంతో మరుసటి ఏడాదే తిరిగి రావలసి వచ్చింది. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ బయలుదేరారు. 1922లో బారిస్టరయ్యారు.

1923లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. సనదు రుసుముకు కూడా స్నేహితుడి సాయమే దిక్కయింది. అంటరాని కులంవాడని పెద్ద కేసులు ఆయన దాకా వచ్చేవి కావు. ఇల్లు గడవడానికి ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం బోధించారు. పేదలు మాత్రం పరేల్‌లోని దామోదర్ హాలుకు వెతుక్కుంటూ వచ్చేవారు.

వాదనలో ఆయన కేకలను నమ్ముకోలేదు, రుజువును నమ్ముకున్నారు. మహాడ్ చవదార్ చెరువు కేసే అందుకు సాక్ష్యం. అది మునిసిపాలిటీ చెరువు. అయినా దళితులను నీళ్లు ముట్టనివ్వలేదు. 1927 మార్చిలో అంబేడ్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. అగ్రవర్ణాలవారు కోర్టుకెక్కి, డిసెంబరులో నిషేధ ఉత్తర్వు తెచ్చుకున్నారు. మళ్లీ చెరువుకు వెళ్లడానికి జనం సిద్ధంగా ఉన్నా, ఆయన ఒప్పించి ఆపారు. కోర్టులోనే తేల్చుకుందామన్నారు.

అవతలివారి వాదన ఒక్కటే: అనాదిగా ఇదే ఆచారం. అనాది అన్నమాట నిజమైతే రుజువు చూపాలి కదా? అది వారివల్ల కాలేదు. 1937 మార్చి 17న హైకోర్టు దళితుల పక్షాన తీర్పిచ్చింది. ఆ నీటి కోసం చట్టంతో పదేళ్లు పోరాడవలసి వచ్చింది.

ఈ పాఠం అయ్యాక మేము పిల్లలకు ఒక పని చెబుతాం. ఇంట్లో ఉన్న పాత అద్దె రసీదో, కరెంటు బిల్లో తెచ్చి, మరాఠీలో ఏముందో చదివి, అమ్మానాన్నలకు తెలుగులో చెప్పాలి. చాళ్ల పునర్నిర్మాణం మాట వినిపిస్తున్న ఈ రోజుల్లో ఆ కాగితమే ఆ ఇంటికి రుజువు. దాన్ని చదవగలిగిన బిడ్డ ఆ ఇంటికి మొదటి వకీలు.