జవాబు సరే.. స్టెప్పులేవి?

పదో తరగతి, ప్లస్ టూ పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే సందేహమిది. ట్యూషన్లోనో, పైతరగతి పుస్తకంలోనో నేర్చుకున్న పద్ధతితో పరీక్షలో లెక్క చేస్తే మార్కులు పడతాయా? మన కుంభకోణంలో పెరిగిన శ్రీనివాస రామానుజన్ జీవితం చూస్తే ఇందుకు చాలావరకు జవాబు దొరుకుతుంది.

ఈరోడ్‌లోని అమ్మమ్మగారింట 1887 డిసెంబరు 22న రామానుజన్ పుట్టారు. తండ్రి కుంభకోణంలో బట్టల కొట్టు గుమస్తా. 1897లో ప్రైమరీ పరీక్షలో జిల్లా మొత్తానికి మొదటి స్థానం కొట్టి, మరుసటి ఏడాది టౌన్ హైస్కూల్లో చేరారు. ఇంట్లో అద్దెకున్న కాలేజీ విద్యార్థుల దగ్గర ఉన్న లెక్కలన్నీ నేర్చేసుకున్నారు. లోనీ రాసిన త్రికోణమితి పుస్తకాన్ని 13 ఏళ్లకే అవపోసన పట్టారు. 1902లో ఘన సమీకరణాల సాధన తెలిసింది. ఆ ఊపులో నాలుగో ఘాత సమీకరణానికి సొంతంగా దారి కనిపెట్టారు. ఐదో ఘాతానికి అలాంటి సాధారణ సూత్రం ఉండదని తెలియక దానితోనూ కుస్తీ పట్టారు.

బడిలో ఇదేదీ అడ్డు కాలేదు సరికదా, 1904లో లెక్కల బహుమతి ఇస్తూ హెడ్మాస్టరు ఈ కుర్రాడికి నూటికి నూరు కూడా తక్కువేనని మెచ్చుకున్నారు.

ముంచిన పుస్తకం.. తేల్చిన పుస్తకం

1903లో కార్ రాసిన గణిత సంగ్రహం చేతికొచ్చింది. అందులో దాదాపు 5 వేల ఫలితాలున్నాయి, నిరూపణలు మాత్రం నామమాత్రం. వాటిని తనే రాబట్టుకుంటూ రామానుజన్ లోకం మరిచిపోయారు. కాగితం కొనే స్తోమత లేక పలక మీద చేసేవారు. మోచేత్తో తుడిచేసి, చివరి ఫలితం మాత్రమే నోటుబుక్కులోకి ఎక్కించేవారు. అలా స్టెప్పులు పలక మీదే చెరిగిపోయేవి.

కాలేజీలో చేరాక దెబ్బ తగిలింది. లెక్కలు తప్ప మరేదీ పట్టకపోవడంతో ఇంగ్లిషులో తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా 1906లో, మళ్లీ 1907లో ఎఫ్‌ఏ తప్పారు. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. 1909లో జానకితో పెళ్లయింది.

నెల్లూరు సాయం

పని కోసం తిరుగుతున్న రామానుజన్‌ను ఆదుకున్నది అప్పటి నెల్లూరు కలెక్టర్ ఆర్.రామచంద్రరావు. నోటుబుక్కులు చూసి నెలకు 25 రూపాయలు ఇవ్వసాగారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతానికి గుమస్తాగిరీ దొరికింది. 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశారు. చూసినవాళ్లకు అంతుబట్టని ఫలితాలవి, నిరూపణలు లేవు. హార్డీ మేధావిని గుర్తించారు గానీ, నిరూపణలు పంపమని పదేపదే అడిగారు. అది చాదస్తం కాదు. ప్రధాన సంఖ్యల గురించి రామానుజన్ చెప్పిన వాటిలో కొన్ని తప్పని తర్వాత తేలింది. మధ్యలో నడిచిన దారి కనిపించకపోతే ఏది సరైనదో, ఏది పొరపాటో ఎదుటివారికి తెలిసేదెలా?

1914లో ఇంగ్లండు వెళ్లిన రామానుజన్ హార్డీ తోడుతో నిరూపణలు రాయడం నేర్చుకున్నారు. 1916లో పరిశోధనకే కేంబ్రిడ్జి డిగ్రీ ఇచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. జబ్బుతో 1919లో తిరిగొచ్చి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో 32 ఏళ్లకే కన్నుమూశారు.

పిల్లలకు పాఠమేమిటి?

రామానుజన్ ఎఫ్‌ఏ తప్పింది సిలబస్ దాటి నేర్చినందుకు కాదు, సిలబస్‌లోని మిగతా సబ్జెక్టులు వదిలేసినందుకు. కాబట్టి పైపద్ధతులు నేర్చుకోండి, ఆపొద్దు. ప్రశ్నలో ఫలానా పద్ధతిలోనే చేయమంటే అలాగే చేయాలి. అలా అడగనప్పుడు కొత్త సూత్రం వాడితే దాని పేరు రాసి, అది ఇక్కడ ఎందుకు వర్తిస్తుందో ఒక ముక్క చెప్పి, ప్రతి మెట్టూ చూపించాలి. దిద్దే మాస్టారి ముందు మీరుండరు. మీ కాగితమే ఉంటుంది.